ప్రార్థన చీటీల ప్రేమలత

కోరుట్లలో బీడీలు చేసే ఆడవాళ్ళకు కొదవ లేదు. వాళ్ళలో ప్రేమలత ఒకతె. వయసు యాభై మూడు, చదువు ఏడో తరగతి, ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఓ పక్కకు తంబాకు. ఇంతవరకు చూస్తే వాడకట్టులో మిగతా ఆడవాళ్ళకూ ఆమెకూ తేడా ఏమీ కనబడదు. తేడా అంతా గొంతులో ఉంది. మైకు లేని రోజుల్లో కూడా ఆమె నోరు విప్పితే, చర్చిలో చివరి చాప మీద కూర్చుని కునుకు తీసే ముసలమ్మలు సైతం సర్దుకుని కూర్చునేవాళ్ళు.

ఆ గొంతు చూసే ఇరవై రెండేళ్ళ కింద ఆమెకు ఒక పని అప్పజెప్పారు. చర్చి గుమ్మం పక్కన ఒక బిస్కెట్ల డబ్బా ఉంటుంది. ఎవరికి ఏ కష్టం వచ్చినా ఒక కాగితం ముక్క మీద రాసి అందులో వేస్తారు. పాస్టరు అయ్యగారు బైబిలు వాక్యం చెప్పడం అయ్యాక ప్రేమలత లేచి, డబ్బా తెరిచి, చీటీలు ఒక్కొక్కటే చదువుతుంది. ఒక్కో చీటీ కోసం అందరూ కలిసి ప్రార్థన చేస్తారు. వారమంతా బీడీలు చేసి చేసి నడుము పట్టేసినా సరే, ఆదివారం ఆ పని దగ్గరికి వచ్చేసరికి ఆమెకు ఎక్కడ లేని ఓపికా వచ్చేది.

చదవడమంటే రాసిందంతా చదవడం అనుకునేరు. కాదు. అక్కడే ఉంది ఆమె పనితనం. చీటీలో పది లైన్లు ఉన్నా ఆమె నోట రెండు ముక్కలే వచ్చేవి. "పోచమ్మ. మోకాళ్ళు." "స్వరూప. కొడుకు పరీక్ష." అంతే. వినేవాళ్ళందరికీ పోచమ్మ ఎవరో తెలుసు, ఆమె మోకాళ్ళ సంగతి అంతకన్నా బాగా తెలుసు. భర్త తాగి కొడుతున్నాడనో, కోడలు మాట్లాడడం లేదనో రాసిన చీటీ వస్తే పేరు ఒక్కటే చదివి, కాగితం మడిచి కొంగుకు ముడి వేసుకునేది. ఆ ముడిలోకి పోయిన మాట మళ్ళీ బయటికి వచ్చిందని కోరుట్లలో ఎవరూ అనలేదు. ఆమె ఇంతటి నమ్మకస్తురాలు అని బోర్డు పెట్టి చెప్పనవసరం లేకుండానే జనం డబ్బాలో చీటీలు వేస్తూ పోయారు.

మరి అలాంటి మనిషి ఎట్లా నోరు జారింది? అదే చెప్పబోతున్నాను.

కరోనా కాలంలో చర్చి మూతపడినప్పుడు అయ్యగారు కిటికీలో ఫోను నిలబెట్టి యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు. బొమ్మ సగం నల్లగా, మాట సగం గాలికి. చూసేవాళ్ళు చూశారు. రెండేళ్ళ కింద అయ్యగారి కొడుకు పెళ్ళయింది. కోడలు శ్రీవాణి జగిత్యాలలో ఒక స్టూడియోలో పెళ్ళి వీడియోలకు ఎడిటింగ్ చేస్తుంది. ఆ అమ్మాయి అడుగుపెట్టింది మొదలు చర్చికి పెళ్ళి కళ వచ్చింది. స్టాండు మీద నిజం కెమెరా, రెండు మైకులు, ముఖం మీద పడే తెల్లటి లైటు. శ్రీవాణికి పని వచ్చు, పని మీద ప్రేమ కూడా ఉంది. నెల తిరిగేసరికి దుబాయి నుంచి, మస్కట్ నుంచి, దమ్మాం నుంచి ఆమెన్‌లు వచ్చి పడసాగాయి. ఇక్కడి మగవాళ్ళలో సగం మంది అక్కడే ఉన్నారు కాబట్టి, సగం వాడకట్టు మళ్ళీ చర్చికి వచ్చినట్టే అయింది.

ప్రేమలతకు ఆ సంతోషం అంతా ఇంతా కాదు. ఆమె భర్త రాజన్న మస్కట్‌లో పదేళ్ళు చేసి వచ్చి ఇప్పుడు పసుపు చేను చూసుకుంటున్నాడు. అక్కడ ఉన్నప్పుడు ఊరి మాట ఒక్కటి చెవిన పడితే ప్రాణం లేచి వచ్చేదని ఎన్నోసార్లు చెప్పాడు. ఒక ఆదివారం మస్కట్ నుంచే ఎవరో రాశారు. చీటీలు చదివే అక్క ఎవరి గురించి చెప్తున్నదో అర్థం కావట్లేదు, కొంచెం వివరంగా చెప్పండి అని. శ్రీవాణి అది చదివి వినిపించింది. న్యాయమే కదా అనుకుంది ప్రేమలత. ఆ వారం నుంచి ఏ పోచమ్మ, ఎవరి తల్లి, ఏ వాడకట్టు, ఏ దవాఖాన, అన్నీ విడమరచి చెప్పడం మొదలుపెట్టింది. ఇంకో మాట కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. శనివారం చీరకు ఇస్త్రీ చేయించుకోవడం కూడా మొదలుపెట్టింది. మనిషన్నాక కాస్త ముచ్చట ఉండదా? ఉంటుంది. దానికి ఆమెను తప్పు పట్టేవాళ్ళు ఒకసారి ఆ లైటు ముందు నిలబడి చూడాలి.

అట్లాంటి ఒక ఆదివారం డబ్బాలోంచి మొగిలవ్వ చీటీ వచ్చింది.

మొగిలవ్వ అంటే ఎవరో కాదు. ఇరవై ఏళ్ళుగా ప్రేమలత వరండాలో పక్కనే కూర్చుని బీడీలు చేసే మనిషి. తోడబుట్టకపోయినా అక్క. నేత కుటుంబం వాళ్ళది. ఇంట్లో మిగతావాళ్ళందరూ వేములవాడ రాజన్న స్వామికి మొక్కేవాళ్ళే, ఆమె ఒక్కతే చర్చికి వస్తుంది. బిడ్డ రచనను సిరిసిల్లలో సాంచాలు నడిపే ఇంటికి ఇచ్చారు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. అల్లుడు శ్రీశైలం నెమ్మదస్తుడు. ఇన్నాళ్ళూ ఎవరి దేవుడు వాళ్ళ దగ్గర, ఎవరి అన్నం వాళ్ళ కంచంలో, ఏ పేచీ లేకుండా నడిచిపోతోంది.

చీటీలో రెండే ముక్కలు ఉన్నాయి. రచన, సంతానం.

పాత ప్రేమలత అయితే ఆ రెండు ముక్కలే చదివేది. కెమెరా ముందున్న ప్రేమలత మాత్రం మస్కట్‌కు, దమ్మాంకు అర్థమయ్యేటట్టు చదివింది. సిరిసిల్లలో సాంచాలు నడిపే శ్రీశైలం భార్య రచన, మన మొగిలవ్వ బిడ్డ, పెళ్ళయి ఆరేళ్ళయింది, జగిత్యాల దవాఖానలో మందులు వాడుతున్నా కడుపు పండడం లేదు, అంటూ వరండాలో విన్న మాటలన్నీ ఆ గొంతుతో చెప్పేసింది. చెప్తూ కళ్ళు తుడుచుకుంది కూడా. శ్రీవాణికి ఆ ముక్క మనసుకు పట్టింది. అదొక్కటే కత్తిరించి, వెనకాల సన్నగా వయొలిన్ పెట్టి, నిమిషం వీడియో చేసి వదిలింది. మంగళవారానికి పదకొండు వేల మంది చూశారు.

మంగళవారం పొద్దున మొగిలవ్వ వచ్చింది. కూర్చోలేదు. ఫోను ముందుకు చాపి వీడియో మొత్తం చూపించింది.

"గీ చీటీ రాసింది నేనే లతా. రెండు ముక్కలు రాసిన. మిగిలిందంత ఏడికెల్లి తెచ్చినవ్?"

"అక్కా, దూరమున్నోళ్ళకు తెల్వాలె గదా అని..."

"తెల్సింది. అందరికి తెల్సింది. సిరిసిల్లల మా వియ్యపురాలి ఫోన్లకు నాలుగు దిక్కులకెల్లి అచ్చిందట. మా రచన ఏడ్సుకుంట ఫోన్ జేసింది. గవన్ని నీతోని ఈ గద్దె మీద కూసోని చెప్పుకున్న మాటలు. నేను నీకు జెప్పిన. లోకానికి జెప్పలె."

మొగిలవ్వ గోడకు ఆనించి ఉన్న తన చాట తీసుకుని, తంబాకు సంచి సంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి వేరే వాడకట్టులో కూర్చుని బీడీలు చేస్తోందని తెలిసింది. ఆదివారం చర్చికి కూడా రాలేదు. ప్రేమలతకు అన్నం సయించలేదు. ఇరవై రెండేళ్ళు కొంగున ముడి వేసి కాపాడిన పేరు ఒక్క నిమిషం వీడియోతో పోయిందన్న బాధ ఒకటి. అది ఎట్లాగో ఓర్చుకోవచ్చు. తన వల్ల ఒక ఆడపిల్ల అత్తగారింట్లో తల వంచుకుని తిరుగుతోందన్న మాట మాత్రం ఓర్చుకునేది కాదు.

అయ్యగారి ఇంట్లో ప్రేమలత, శ్రీవాణి, అయ్యగారు కూర్చుని మాట్లాడుకున్నారు. శ్రీవాణి వీడియో అప్పటికే తీసేసింది. తీసేస్తే ఏం లాభం? అప్పటికే అది వాట్సాప్‌లలో ఊళ్ళు తిరుగుతోంది. "తప్పు నాది ఆంటీ, అడగకుండ కట్ జేసిన" అని శ్రీవాణి ఏడ్చింది. చదువుకున్న పిల్ల కాబట్టి ఉపాయం కూడా ఆలోచించి పెట్టుకుంది. చర్చి తరఫున క్షమాపణ అడుగుతూ ఒక మంచి వీడియో పెడదామంది.

"వీడియోల మాఫీ అడిగితే, చూడనోళ్ళు గూడ ఏమైందో అని ఎతుకుతరు బిడ్డా" అంది ప్రేమలత.

అయ్యగారు, పోనీ ఆ ఇంటివాళ్ళకు ఒక్కళ్ళకే పద్ధతిగా రాసి వాట్సాప్ పంపుదామన్నారు. ఆమె దానికీ తల అడ్డంగా ఊపింది.

"నేనే పోత అయ్యగారు."

"తిడ్తరేమో ప్రేమలతమ్మా."

"తిట్టనియ్యిండ్రి. తిట్టుదామన్నా మనిషి ఎదురుంగ ఉండాలె గదా."

గురువారం ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్ మీద వేములవాడ బస్సెక్కింది. అక్కడ దిగి సిరిసిల్ల బస్సు మారింది. కిటికీ పక్కన కూర్చుని ఏం చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కుంది. మంచి మాటలే దొరికాయి. ఆమెకు మాటలకేం తక్కువ? బస్సు దిగి ఆ ఇంటికి చేరేసరికి రచన వాకిట్లో కనబడింది. "చిన్నమ్మా" అని ఒక్క మాట అని, కళ్ళు కలపకుండా, "అత్తమ్మ సాంచాల కాడ ఉన్నది" అని వెనక్కి దారి చూపించింది.

ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు నడుస్తున్నాయి. శ్రీశైలం ఆ చివర తెగిన పోగు అతుకుతున్నాడు. ఈ చివర అతని తల్లి కొమురవ్వ నూలు కండెలు చుడుతోంది. ప్రేమలతను చూసింది, గుర్తు పట్టింది, మళ్ళీ తల వంచి కండె చుట్టుకుంటూ కూర్చుంది. వీడియోలో చూసిన ముఖమే కదా, ఎట్లా మరిచిపోతుంది?

"వదినె, నేను ప్రేమలతను" అంది ఈమె. వినబడలేదు. ఇంకాస్త గట్టిగా అంది. నాలుగు సాంచాల చప్పుడులో చర్చిని లేపి కూర్చోబెట్టే ఆ గొంతు ఎటు పోయిందో తెలియలేదు. ఇక లాభం లేదని చెప్పులు విడిచి, కొమురవ్వ పక్కనే కింద కూర్చుని, చెవి దగ్గరికి వంగింది. బస్సులో కూడబలుక్కున్న మాట ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"తప్పయింది వదినె. మీ ఇంటి మాట నేను బజారుల పెట్టిన. మీరు ఏమన్నా పడ్త."

కొమురవ్వ కండె పక్కన పెట్టింది. ఈసారి ఆమె ఇటు వంగి ఈమె చెవిలో చెప్పింది. అట్లా ఒకరి చెవిలో ఒకరు మాట్లాడుకుంటూ పావుగంట కూర్చున్నారు. దూరం నుంచి చూసేవాళ్ళకు పాత స్నేహితులు ముచ్చట పెట్టుకుంటున్నట్టు ఉంటుంది. నిజానికి అందులో పది నిమిషాలు తిట్లే. నీకు బిడ్డలు లేరా అంది, నీ నోరు ఏం నోరు అంది, కెమెరా కనబడితే ఇంటి గుట్టు విప్పుతరా అంది. ప్రేమలత ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. తిట్లు అయిపోయాక కొమురవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని అసలు సంగతి చెప్పింది.

"మొన్న మా ఆడిబిడ్డ మనుమరాలిని తొట్టెలల ఏసిండ్రు. మా రచన పిల్లను ఎత్తుకోవోతే ఒకామె గుంజుకున్నది. నువ్వు ఎత్తుకోకు, నీ సంగతి యూట్యూబ్ల చూసినం అన్నది. పదిమందిల అన్నది. నా కోడలు చేతులు గట్లనే చాపి నిలవడ్డది. నా పానం ఆగలె. అందరి ముంగట జెప్పిన. డాక్టరమ్మ పరీక్షలన్ని జేసింది, మా రచనకు ఏ తక్కువ లేదు, తక్కువ మా పిలగాన్ల ఉన్నది, ఇగ ఆ చిన్నపిల్లను ఇయ్యుండ్రి అన్న."

ప్రేమలత ఉలిక్కిపడి ఆ చివర ఉన్న శ్రీశైలం వైపు చూసింది.

"వాడే చెప్పుమన్నడు" అంది కొమురవ్వ. "నాతోని అయినదానికి రచన ఎందుకు మాట పడాలె అవ్వా, మళ్ళ ఎవలన్న అంటే ఉన్నది జెప్పు అన్నడు. మూడేండ్ల సంది గీ మాట మా ముగ్గురి నడుమనే ఉండె. రచన వాళ్ళ అవ్వకు గూడ చెప్పలె. మందులు వాడేది వాడు. మాట మోసేది ఆ పిల్ల."

ప్రేమలతకు దుఃఖం ఆగలేదు. చీటీలో పేరు చూసి, తక్కువ ఆ పిల్లదే అని తనూ అనుకుంది. అనుకుని పదకొండు వేల మందికి చెప్పింది. మొగిలవ్వకే తెలియని సంగతి తనకెట్లా తెలుస్తుంది అని సర్దిచెప్పుకోవచ్చు. ఆమె సర్దిచెప్పుకోలేదు. తెలియనప్పుడు చెప్పకూడదు, అంతే కదా అనుకుంది.

"ఎత్తుకున్నదా మరి పిల్లను?" అని అడిగింది చెవిలో.

"ఎత్తుకున్నది. దించలే ఇగ" అంది కొమురవ్వ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం కాస్త తేటపడింది.

తర్వాత కొమురవ్వ అటూ ఇటూ చూసి, ఇంకా దగ్గరికి జరిగింది. "ఒక్కటి అడుగుత. మేం కోపం జేసినమని మీరు ఆపిండ్రా, ఇంకా అడుగుతున్నరా మీ దేవున్ని?"

"ఆపలె వదినె. నేనొక్కదాన్నే ఇంట్ల అడుగుతున్న."

"అయితే చర్చిల అడుగుండ్రి. ఊరు పేరు వద్దు. మొగిలవ్వకు గూడ చెప్పకు. 'మా వదినె నా దేవుని కాడికి అచ్చింది' అనుకుంట ఇగ నా నెత్తి మీద ఎక్కి కూసుంటది." ఇంతలో అన్నాల వేళయి శ్రీశైలం సాంచాలు ఒక్కొక్కటే బంద్ చేస్తున్నాడు. కొమురవ్వ అది గమనించలేదు. చప్పుడుకు తగ్గట్టు పెంచిన గొంతుతోనే, "నా కొడుకు కోసం అడుగుండ్రి" అంది.

నాలుగో సాంచా ఆగింది. ఆ మాట షెడ్డంతా వినబడింది. గుమ్మంలో రచన నిలబడి ఉంది. శ్రీశైలం చేతులకు అంటిన నూలు దులుపుకుంటూ తల్లిని చూసి, ప్రేమలతను చూసి తల వంచుకున్నాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు.

"చిన్నత్తమ్మకు బువ్వ పెట్టు అవ్వా. ఎప్పుడు బయల్దేరిందో ఏమో."

నలుగురూ కూర్చుని తిన్నారు. పచ్చిపులుసు, చిక్కుడుకాయ కూర. రచన ఆమె కంచంలో అడగకుండానే రెండోసారి కూర వేసింది. ఆ పిల్ల అప్పుడు ముఖంలోకి చూసి నవ్వింది. ప్రేమలతకు పది రోజుల తర్వాత అన్నం రుచి తెలిసింది. తిరుగు బస్సులో కూడబలుక్కోవడానికి ఏమీ లేక హాయిగా నిద్రపోయి, వేములవాడలో కండక్టరు లేపితే లేచింది.

శనివారం ఆమె, శ్రీవాణి, అయ్యగారు మళ్ళీ కూర్చున్నారు. లైవ్ ఆపేద్దామని అయ్యగారు అన్నారు. ప్రేమలతే వద్దంది. మస్కట్‌లో ఒంటరిగా గదిలో కూర్చున్నవాడికి ఆ పాట, ఆ వాక్యం ఎంత అవసరమో రాజన్నను అడిగితే చెప్తాడంది. అందరికీ వినిపించాల్సింది వినిపిద్దాం, ఇంట్లోది ఇంట్లో ఉంచుదాం అంది. శ్రీవాణి వెంటనే అందుకుంది. చీటీల వేళకు కెమెరా బంద్ చేసి, చూసేవాళ్ళకు పిల్లల పాట పెడతానంది. గల్ఫ్ నుంచి చీటీ పంపాలంటే ఒక్క ప్రేమలత ఫోనుకే పంపాలని, దాన్ని ఆమె ఒక్కతే చూస్తుందని రాసి పెడతానంది. "పెద్ద వీడియో కోర్సుల గూడ గీ ముచ్చట ఎవ్వలు చెప్పలె ఆంటీ" అని నవ్వింది. ఆ నవ్వులో ఏడుపు ఇంకా కొంచెం మిగిలే ఉంది.

ఆదివారం ప్రేమలత ఇస్త్రీ చీరే కట్టుకుంది. ముచ్చట ముచ్చటే మరి. వాక్యం అయ్యేసరికి చివరి చాప మీద మొగిలవ్వ కనబడింది. వియ్యపురాలు కొమురవ్వ ఫోన్ చేసి, మీ చెల్లె అచ్చింది, తిట్లు తిన్నది, బువ్వ గూడ తిన్నది, ఇగ ఇడిసిపెట్టు అన్నదట. రచన కూడా ఆరోజే తల్లికి ఉన్న సంగతంతా చెప్పుకుంది. వచ్చిందే గానీ మొగిలవ్వ ముఖం ఇంకా బిగించుకునే ఉంది. మాట్లాడుతుందో లేదో తెలియదు.

శ్రీవాణి కెమెరా ఆపి, లైటు ఆర్పి, తలాడించింది. ప్రేమలత డబ్బా తెరిచింది.

"పోచమ్మ. మోకాళ్ళు."

"జ్యోతి. ఉద్యోగం."

జనం కాస్త ఆశ్చర్యంగా చూసి, మళ్ళీ పాత పద్ధతికి తలలు వంచారు. ఆఖరున తను రాసుకొచ్చిన చీటీ తీసింది. ఇరవై రెండేళ్ళలో తను రాసిన చీటీ తనే చదవడం అదే మొదలు.

"ఒక తల్లి. కొడుకు."

అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఎవరో ఏమిటో తెలియకుండానే అరవై మందీ ఆ కొడుకు కోసం ప్రార్థన చేశారు. కళ్ళు తెరిచేసరికి మొగిలవ్వ చివరి చాప మీద లేదు. ప్రేమలత పక్కకు వచ్చి కూర్చుని ఉంది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఆ తల్లి ఎవలు లతా?" అని మెల్లగా అడిగింది. "మా కొమురవ్వ వదినెనా?"

ప్రేమలత చీటీ మడిచి కొంగుకు ముడి వేసుకుంది. "ఎవలో తల్లి అక్కా" అంది.

మొగిలవ్వ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. మళ్ళీ అడగలేదు. "రేపు చాట పట్టుకొని అస్త" అంది.